లైను బాగానే ఉంది

మెట్ల కింది గది,
మన ఇల్లు.

పిడుగు గారికి,

ఆశీర్వదించి రాయునది అని మొదలుపెడదామనుకున్నాను కానీ నీకు ఆశీర్వాదాలు ఎక్కే వయసు ఎప్పుడో దాటిపోయింది. అందుకని తిన్నగా విషయానికి వస్తున్నాను.

నీ వారం ఫోను ఎలాగూ అత్తయ్యకే పోతుంది. పోనీ, కన్నతల్లి వాటాకి నేను అడ్డం రాను. రోజంతా ఫోన్లో మాట్లాడే పనాయె, నీతో కూడా ఫోనంటే నా గొంతు ఒప్పుకోదు. కాయితమైతే పడుకుని రాసుకోవచ్చు. నీ ఓడకి సామాను పడవ వచ్చినప్పుడల్లా ఉత్తరాల సంచీ కూడా వస్తుందన్నావుగా, అందులో నాది వెతుక్కో.

కొత్త ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. ఆస్పత్రులకి దుబాసీ పని. డాక్టరు భాష రోగికి రాదు, రోగి భాష డాక్టరుకి రాదు, నేను ఇంట్లో కూర్చుని ఇద్దరి మధ్యా మాటలు మోస్తాను. రోగి "నాకు భయంగా ఉంది" అంటే నేనూ "నాకు భయంగా ఉంది" అనాలి. "ఆవిడకి భయంగా ఉందిట" అనకూడదు, అది మా పద్ధతి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నేను, నేను అంటూనే ఉంటాను, అందులో నేను ఒక్కసారీ ఉండను. నవ్వకు. ఇంత ఇష్టంగా నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. చిన్నప్పుడు పక్కింటివాళ్ళ పిల్లలతో ఆడుకుంటూ అబ్బిన భాష, తిట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకున్నది, ఇవాళ ఎవరికో ప్రాణం మీది మాటయింది.

చప్పుడు రాకుండా మెట్ల కింద సామాన్ల గది ఖాళీ చేయించాను. మీ అన్నయ్య గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశారు. లోపల కూర్చుంటే పరుపులో దాక్కున్నట్టుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఏడుపు విను.

కొన్ని రోజులు లైను అద్దంలా ఉంటుంది. కొన్ని రోజులు పొద్దెక్కేసరికి నేనన్న మాట అవతలికి వెళ్ళడానికి బద్ధకిస్తుంది. తెగిపోదు, ఆలస్యంగా చేరుతుంది, అదే వచ్చిన చిక్కు. తెగితే తెగిందని తెలుస్తుంది కదా. మొన్న ఆపరేషనుకి ముందు ఒక నర్సు రోగిని అడుగుతోంది. "ఏ మందైనా పడదా?" అంది. నేను ఆయన్ని అడిగి "లేదు" అని చెప్పాను. నా మాట దారిలోనే ఉంది. జవాబు రాలేదనుకుని ఆవిడ తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది, "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?" అని. సరిగ్గా అప్పుడు నా "లేదు" వెళ్ళి ఆవిడ చెవిలో పడింది. ఏమీ తినలేదని రాసేసుకుంది. ఆ మనిషి రెండు అరటిపళ్ళు తిని కూర్చున్నాడు. ఆవిడ మంచి నర్సు కాబట్టి మత్తు ఇచ్చే ముందు మళ్ళీ అడిగింది, బతికిపోయాం. ఆలస్యం అమృతం విషం అని పెద్దవాళ్ళు దేన్ని చూసి అన్నారో కానీ, నేను చెవులారా విన్నాను.

ఆ రికార్డింగు మా సూపర్‌వైజరు మేడమ్ విన్నారు. మంచావిడే. తిట్టలేదు. "నీ అనువాదంలో వంక పెట్టడానికి లేదమ్మా, నీ లైనే ప్రమాదం. ప్రొబేషను అయ్యేలోపు బాగుచేసుకోకపోతే నిన్ను ఉంచలేను" అన్నారు. వానలు తగ్గేసరికి ప్రొబేషను అయిపోతుంది.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేస్తే పెద్ద ప్లాను తీసుకోండి అన్నారు. తీసుకున్నాను. మార్పేమీ లేదు. ఇంకా పెద్దది తీసుకోండి అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మీ అన్నయ్యని అడుగుదామంటే ఆయన సర్వే పనిలో ఉన్నారు, తెల్లారగానే వెళ్ళి స్థలాల మీద డ్రోను ఎగరేసి ఫోటోలు తీసుకొచ్చి, ఇంటికి రాగానే ఆఫీసుకి పంపుతూ కూర్చుంటారు. నువ్వు సముద్రం అడుగున తెగిన తీగలు అతికేదానివి. మీ వదిన ఇంటి తీగ సంగతి కాస్త చూడవే.

నీ
వదిన

---

కేబుల్ ట్యాంకు పక్క కేబిను,
ఓడ.

వదినా,

ఉత్తరాల సంచీలో నీదే పైన ఉంది. అరటిపళ్ళ దగ్గర పైకే కేకేశాను. తర్వాత మళ్ళీ మొదటినుంచీ చదివాను, "నేను అంటాను, అందులో నేను ఉండను" అన్నచోట పెన్సిలుతో గీత గీశాను. నువ్వు బట్టల కొట్లో బిల్లులు రాసే రోజుల్లో కూడా ఇలాగే ఉండేదానివి, ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళకేం కావాలో తెలిసిపోయేది నీకు. అన్నయ్య పెళ్ళిచూపుల్లో నేను నిన్ను చూసి "ఈవిడే" అన్నానని గుర్తుందిగా. నా సెలక్షను అది.

ఇక దొంగ ఎవరో చెప్తాను. అన్నయ్య.

కోప్పడకు, ఆయనకి తెలియదు. జెరాక్సు షాపు అనుకో. ఉన్నది ఒక్క మిషను. అన్నయ్య లావుపాటి పుస్తకం మొత్తం కాపీ తీయమని ఇచ్చాడు. వెనక నువ్వు ఒక్క కాయితం పట్టుకుని నిలబడ్డావు. షాపువాడు మొహమాటస్థుడు, ఎవర్నీ కాదనడు, వచ్చిందల్లా బల్ల మీద పేర్చుకుంటాడు. పుస్తకం అయ్యేదాకా నీ కాయితం కదలదు. నీ "లేదు" కూర్చున్నది ఆ బల్ల మీదే. ప్లాను పెంచితే ఇంట్లోకి వచ్చే దారి వెడల్పయింది. బయటికి పోయే దారి అంతే ఉంది, అన్నయ్య ఫోటోలు పోయేదీ నీ మాట పోయేదీ ఆ దారినే.

ఆ బల్ల ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ మోడెం పెట్టెలో ఉంది, దాని మీద నీ చెయ్యి సాగదు. అందుకని ఒక పని చెయ్యి. రౌటరు పేజీ తెరిస్తే బయటికి పోయే వేగానికి హద్దు పెట్టే చోటు ఉంటుంది. ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు వేగం ఎంతో కొలిచి, దానికంటే కొంచెం తక్కువ హద్దు పెట్టు. అవును, తక్కువే. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కంపెనీ మోయగలిగినదానికంటే మనం కాస్త తక్కువ పంపితే ఆ బల్ల మీద గుట్ట పడదు. గుట్ట పడితే మన రౌటర్లోనే పడాలి. అక్కడైతే ఎవరు ముందో మనం చెప్పొచ్చు.

రెండోది, ఎవరు ముందు అన్న పట్టిక ఉంటుంది. అందులో నీ కంప్యూటరుని అన్నిటికంటే పైన పెట్టు. మిగతావన్నీ కింద. ఓడలో మా చట్టం అదే. బయటి లోకానికి మాకున్నది సన్నటి దారి, ఓడ నడిపే గది మాట ముందు పోతుంది, తక్కినవాళ్ళు ఎవరైనా సరే ఆగాల్సిందే. ఆ పట్టిక రాసింది నేనే.

చేశాక అన్నయ్యని ఫోటోలు పంపమని చెప్పి, అదే పేజీలో పలకరింపు పరీక్ష ఒకటుంటుంది, అది పెట్టి చూడు. ఒక చిన్న "ఉన్నావా" పంపి "ఉన్నా" అని రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్తుంది. రెప్పపాటు దాటకపోతే గెలిచినట్టే.

మేము రేపు తెగిన కొస పైకి లాగుతున్నాం. తీగ పైకి లాగే వించి నడిపే పెద్దాయన పొద్దున్నుంచీ సముద్రాన్ని బూతులు తిడుతున్నాడు, అంటే అంతా సవ్యంగా ఉందని అర్థం.

పిడుగు

---

మెట్ల కింది గది,
మన ఇల్లు.

పిడుగూ,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. లైను నడుస్తోంది.

హద్దు పెట్టబోయే ముందు ఒట్టి పలకరింపు పరీక్ష పెట్టి చూశాను. మీ అన్నయ్య ఫోటోలు పోతుండగా "ఉన్నావా" అంటే "ఉన్నా" రావడానికి ఒక మనిషి తుమ్మి సర్దుకునేంత సేపు పట్టింది. హద్దు పెట్టి, నన్ను పట్టికలో పైకెక్కించి మళ్ళీ అడిగితే రెప్పపాటు. నేను నమ్మక మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆ రౌటరుకి నోరుంటే "ఉన్నానమ్మా తల్లీ, వదులు" అనేది.

నువ్వు కొంచెం తగ్గించమన్నావు. నేను సగానికి తెగ్గోశాను. మందు కదా, ఒక చెంచా ఎక్కువైతే ఏంపోయింది. మీ అన్నయ్య ఫోటోలు ఇదివరకు మధ్యాహ్నానికి అయిపోయేవి, ఇప్పుడు సాయంత్రం దాకా ఈదుతున్నాయి. "ఇంట్లో నా స్థానం ఎక్కడో ఇప్పుడు రాతపూర్వకంగా తెలిసింది" అని నిష్ఠూరమాడారు. ఇన్నాళ్ళకి తెలిసినందుకు సంతోషించమన్నాను.

మేడమ్ ఈ వారం రెండు కాల్స్ విన్నారట. "ఇలాగే ఉంటే చాలు" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం మాటలు కాదు. ఒక పురిటి కేసు వచ్చింది. నర్సు "ఇప్పుడు" అంటే నేను "ఇప్పుడు" అనాలి, ఆ పిల్ల అప్పుడే ముక్కాలి. ఎంత సేపు అలా "ఇప్పుడు, ఇప్పుడు" అన్నానో. చివరికి బిడ్డ ఏడుపు ముగ్గురం ఒకేసారి విన్నాం. దాన్ని అనువదించే పని లేకపోయింది. సముద్రం మధ్యలో కూర్చుని, ఈ బొంతల గదిని చూడకుండా, నాలుగు వాక్యాల్లో నా బతుకు నిలబెట్టావు. మీ వంశంలో తెలివంతా నీకే వచ్చిందని నేను ఎప్పుడూ అంటాను, మీ అన్నయ్య కూడా ఇప్పుడు కాదనడం లేదు.

అత్తయ్య బాగున్నారు. ఈ మధ్య ఇల్లు తళతళలాడిస్తున్నారు. దుప్పట్లు రోజూ మధ్యాహ్నం సందు చివర లాండ్రీకి తీసుకెళ్ళి దగ్గరుండి ఇస్త్రీ చేయించి తెస్తున్నారు. మంచమెక్కాలంటే భయం, ఎక్కడ నలుగుతుందోనని. ఈ వయసులో ఆవిడ ఓపిక చూస్తే నాకు సిగ్గేస్తుంది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఫోను పట్టుకునే మనిషి, ఇప్పుడు ఆ ధ్యాసే లేదు.

వదిన

---

వెనక డెక్కు, తాళ్ళ చుట్టల మీద,
ఓడ.

వదినా,

పురిటి కేసు గురించి మా కేబుల్ గదిలో అందరికీ చదివి వినిపించాను. మాది మొరటు గుంపు, అయినా వించి పెద్దాయన ముక్కు చీదుకుని జలుబు చేసిందన్నాడు. "మీ వదిన ఏ ఓడలో పనిచేస్తుంది?" అని అడిగాడు. మెట్ల కింద అన్నాను.

సగానికి కోశావా. అది కాస్త ఎక్కువే. సరే, నీకు నడుస్తోంది కదా, ఉండనీ. అన్నయ్య ఆగితే కొంప మునగదు.

మొన్న నా ఫోను వంతు వచ్చింది. ఒక రోజు ముందుకి జరిగితే, చెప్పకుండా మధ్యాహ్నం అమ్మకి చేశాను. అమ్మ ఎక్కడుందో కానీ వెనక బుస్సుబుస్సుమని ఆవిరి చప్పుడు. ఎవరో మగమనిషి "చదవండమ్మా, నేను ఆపుతాలెండి" అన్నాడు. ఎక్కడున్నావంటే, ఇంట్లోనే అంది. ఇంట్లో రైలింజను కొన్నారా వదినా? గట్టిగా అడిగితే "నీ తిండి సంగతి చెప్పు" అని మాట తిప్పేసింది. అమ్మ అబద్ధం ఆడితే ఎంత బాగా ఆడుతుందో నీకు తెలుసుగా, చిన్నపిల్లైనా పట్టేస్తుంది. ఏమిటో కనుక్కో.

పిడుగు

---

మెట్ల కింది గది,
మన ఇల్లు.

పిడుగూ,

నీ ఉత్తరం చదివి మంచం మీది దుప్పటి వంక చూశాను. ఒక్క ముడత లేదు. ముందురోజూ లేదు. ఇస్త్రీ చేసిన దుప్పటినే మళ్ళీ ఇస్త్రీకి ఎవరు తీసుకెళ్తారు?

నాకు విరామం దొరకగానే చెప్పులేసుకుని సందు చివరికి వెళ్ళాను. లాండ్రీలో బట్టల మూటల మధ్య స్టూలు మీద మీ అమ్మ. ఒళ్ళో లావుపాటి నవల, ముక్కు మీద కళ్ళజోడు, చెవికి ఫోను. చదువుతున్నారు. హీరోయిను గొంతు ఒకటి, దాని అత్త గొంతు ఒకటి, పోలీసు గొంతు ఒకటి, అన్నీ ఆవిడే. లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టేసి, చొక్కా అలాగే పరిచి ఉంచి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. పదిహేనేళ్ళుగా ఆవిడ నాకు అత్తగారు, ఆవిడ అలా చదవగలరని నాకు తెలియదు.

అవతల ఉన్నది స్కూల్లో ఆవిడతో పాటు పనిచేసిన కుట్టు టీచరు. ఆవిడకి చూపు పోయిందని నీకు తెలుసేమో. ఒక్కతే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం అత్తయ్య ఆవిడకి ఒక అధ్యాయం చదువుతారు. ముందుగదిలో కుర్చీలో ఫోను పట్టుకుని కూర్చునేది అందుకట. నేనేదో చుట్టాల కబుర్లనుకున్నాను. ఇదివరకు ఆవిడ మొదలుపెట్టే వేళకి మీ అన్నయ్య ఫోటోలు అయిపోయేవి. నేను సగానికి కోశాక అవి సాయంత్రం దాకా సాగుతున్నాయి. పట్టికలో పైన నేను, కింద ఫోటోలూ అత్తయ్యా ఒకే వరసలో. ఆ కొండ వెనక ఆవిడ గొంతు. కుట్టు టీచరుకి సగం మాటలు అందేవి కావు. అందుకని ఈవిడ దుప్పటి చంకన పెట్టుకుని లాండ్రీ ఆయన లైను వాడుకోవడానికి వచ్చేవారు. ఊరికే కూర్చుంటే బాగుండదని దుప్పటి.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా" అన్నాను.

"నీది ఆస్పత్రి పని తల్లీ. నాది కథల పుస్తకం. ఏది ముందో నాకు తెలీదా?" అన్నారు.

"ఆవిడకి ఇది కథల పుస్తకమేనా?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఆవిడ రోజు మొత్తంలో వినే మనిషి గొంతు నాదొక్కటే" అన్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ అమ్మ అడగనే అడగరు. అలాంటివాళ్ళని ఏ పట్టికలో పెట్టాలి, చెప్పు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, నా మందు అలా ఉంది. నీ మీద కోపం కాదు. ఓడకి నీ చట్టం సరైనదే, అక్కడ ఓడ నడిపే గది ఒక్కటే. ఇంట్లో అలాంటి గది ఏదని చెప్తాం? నోరున్నవాడిదే రాజ్యం అన్నట్టు అయిపోయింది, ఆ నోరు నాదే.

కానీ ముందు నుయ్యి వెనక గొయ్యి. ప్రొబేషను చివరి వారం వచ్చేస్తోంది, మేడమ్ ఏ కాల్ వింటారో తెలియదు. పట్టికలోంచి నన్ను నేను కిందికి దించుకుని, మళ్ళీ నా "లేదు" ఎక్కడో ఇరుక్కుంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అటుంచు, ఎవరి ప్రాణమైనా పోతుంది. నీకు రాసి జవాబు వచ్చేదాకా ఆగుదామా అంటే నీ ఉత్తరాలు తాబేలు మీద వస్తాయి. అత్తయ్యతో "నాలుగు రోజులు ఓపిక పట్టండి" అంటే పట్టేస్తారు. పడతారు కాబట్టే అనలేకపోయాను.

రౌటరు పేజీ ముందు కూర్చుని అక్కడున్న ప్రతి అక్షరం చదివాను. పట్టిక కింద ఇంకో పద్ధతి ఉంది. ఎవరు ముందు అన్నది ఉండదు. ఒక్కో మాటల ప్రవాహానికీ ఒక్కో వరస. రౌటరు ఒక్కో వరస దగ్గరా ఆగి కొంచెం కొంచెం తీసుకుంటుంది. ఎక్కువ మోసుకొచ్చినవాడికి తన వరసలోనే ఆలస్యం. కొద్దిగా ఏదో అడిగి పక్కకి తప్పుకునేవాడికి వెంటనే దారి. చదువుతుంటే ఇది నా పనే అనిపించింది. డాక్టరు గుక్క తిప్పుకోకుండా చెప్తాడు, రోగి ఒక్క ముక్క అంటాడు. ఆ ఒక్క ముక్క డాక్టరు ఉపన్యాసం కింద పడి నలగకుండా చూడటమే కదా దుబాసీ చేసేది. నీ జెరాక్సు షాపువాడు పుస్తకంలో పది పేజీలు తీసి, మధ్యలో నా ఒక్క కాయితమూ తీసిచ్చి, మళ్ళీ పుస్తకం పట్టుకున్నట్టు.

పట్టిక తీసేశాను. ఆ పద్ధతి పెట్టాను. హద్దు కూడా నువ్వు మొదట చెప్పినట్టు, అసలు వేగానికి కొంచెం తక్కువలోకి పెంచాను. మీ అన్నయ్యని ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఫోటోలు పంపమన్నాను. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి చదవమన్నాను. నేను బొంతల గదిలోకి వెళ్ళి "ఉన్నావా" అన్నాను. వెంటనే "ఉన్నా" వచ్చింది. ముందుగదిలో అత్తయ్య ఫోను స్పీకరులో కుట్టు టీచరు "ఇవాళ పోలీసు బాగా అరిచాడే" అంటోంది.

పరీక్షకి బాగానే ఉంది. అసలు కాల్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. నాకు భయంగా ఉంది. ఈసారి "నాకు" అన్నది నాకే.

వదిన

---

కేబుల్ ట్యాంకు పక్క కేబిను,
ఓడ.

వదినా,

నీ ఉత్తరం చదివి ఓడ పట్టిక తెరిచాను. నేను రాసిందే, గొప్పగా ఉందనుకున్నదే. ఓడ నడిపే గది పైన, సరే, అది అక్కడే ఉండాలి. దాని కింద మా కొలతలూ మ్యాపులూ, వాటితోపాటు అందరి ఇంటి ఫోన్లూ ఒకే గుట్ట. మా వంటాయన ఇంటికి ఫోను చేసినప్పుడల్లా రెండు మాటలకే పెట్టేసేవాడు. మనిషి మాటకారి కాడనుకునేవాళ్ళం. తెలుసుకుంటే ఏముంది, ఆయన వంతు వచ్చేసరికి మా మ్యాపులు వెళ్తుంటాయి, భార్య మాటా ఈయన మాటా ఒకదాని మీద ఒకటి పడి, పోట్లాటలా ఉంటోందని పెట్టేసేవాడట. నాతో ఎప్పుడూ అనలేదు. మా అమ్మ చుట్టమేమో.

ఓడ గదిని పైనే ఉంచి, కింద ఉన్నదంతా నీ పద్ధతిలోకి మార్చాను. నిన్న ఆయన ఎంతసేపు మాట్లాడాడంటే పొయ్యి మీది సూపు మాడింది. మాడిన సూపు అందరం మాట్లాడకుండా తాగాం.

నేను తీగలు అతుకుతాను వదినా. దారి అతకడం నాకొచ్చు. ఆ దారిలో ఎవరి మాట నలుగుతోందో వినడం నీకొచ్చు, అది నాకు రాలేదు. మా అమ్మని ఇన్నేళ్ళుగా వారం వారం వింటున్నాను, ఆవిరి చప్పుడు మాత్రం విన్నాను. ఇది నీకు చేరేసరికి నీ ప్రొబేషను తేలిపోయి ఉంటుంది. ఏదైనా సరే ముందు నాకు రాయి. నువ్వు చేసింది తప్పని మాత్రం ఎవరన్నా ఒప్పుకోకు.

పిడుగు

---

మెట్ల కింది గది,
మన ఇల్లు.

పిడుగూ,

ఉంచుకున్నారు. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో, తక్కినది తాపీగా చదువు.

మేడమ్ విన్న కాల్ ఏదో చెప్తాను. మధ్యాహ్నం. ఇంట్లో అందరూ ఉన్నారు. పైన మీ అన్నయ్య రెండు ఊళ్ళ ఫోటోలు పంపుతున్నారు, ముందుగదిలో అత్తయ్య చదువుతున్నారు. నాకు గంట మోగింది. అటువైపు ఒక డాక్టరు, ఆయన ఎదురుగా లారీ డ్రైవరు. పెద్దాయన. ఫిట్స్ వస్తున్నాయని పరీక్షలు చేయించారు. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు, ఇక మీరు బండి నడపకూడదు, ఎప్పటికీ, అని. నేను చెప్పాను. "మీరు ఇక బండి నడపకూడదు. ఎప్పటికీ." ఆ మాటలు నా నోట్లోంచి వెళ్ళడం, ఆయన ఊపిరి మారడం, రెండిటికీ మధ్య సందు లేదు.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఇదివరకైతే ఆ క్షణంలో నా ప్రాణం పోయేది. ఏ గుట్ట కింద ఇరుక్కుందో, ఆయన ఏమన్నాడో, ఎప్పుడు చేరుతుందో అని. డాక్టరూ అదే అనుకున్నాడు. "హలో, లైను పోయిందా? ఆలస్యం అవుతోందా?" అన్నాడు. తర్వాతి మాటలోకి వెళ్ళిపోబోయాడు, మందుల గురించి.

మా పద్ధతిలో దుబాసీ తన మాట చెప్పాలంటే తన మాటేనని చెప్పి చెప్పాలి. "డాక్టరు గారూ, ఇది దుబాసీ మాట. లైను బాగానే ఉంది. ఆయన మాట్లాడటం లేదు" అన్నాను.

డాక్టరు ఆగాడు. నిజంగా ఆగాడు. కాయితాలు కూడా కదపలేదు. అటువైపు గది, ఇటువైపు నా బొంతల గది, మధ్యలో ఆ మనిషి ఊరుకోవడం, అంతే. నేను ఎప్పుడూ దేన్నీ అంత స్పష్టంగా వినలేదు.

చాలాసేపటికి ఆయన అన్నాడు, నేనూ అన్నాను. "నేను ఆస్పత్రికి లారీ వేసుకునే వచ్చాను. ఇప్పుడు దాన్ని ఇంటికి ఎవరు తీసుకెళ్తారు?"

డాక్టరు గొంతు మారింది. "ఎవరిని పిలవమంటారో చెప్పండి, నేనే పిలుస్తాను. వాళ్ళొచ్చేదాకా మీతో కూర్చుంటాను" అన్నాడు. అది చెప్తున్నప్పుడు నా గొంతు కాస్త వణికింది. మేడమ్ అది కూడా విన్నారు. "అక్కడ మార్కులు తీసెయ్యాలి, తియ్యను" అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. రెండూ ఒకే మధ్యాహ్నం గెలిపించింది నువ్వు పెట్టించిన హద్దు. కాస్త తగ్గించుకుంటే చాలని నువ్వు రాసినప్పుడు పిచ్చి అనుకున్నాను. నువ్వు గొప్పదానివే పిడుగూ, ఉత్తరంలో కాబట్టి అంటున్నాను, ఎదురుగా వస్తే అనను.

లాండ్రీ ఆయన నిన్న మెట్లెక్కి వచ్చాడు, ఇస్త్రీ బట్టలేమీ లేకుండా. హీరోయిను జైలుకి వెళ్ళిందా లేదా చెప్పమన్నాడు. నిద్రపట్టడం లేదట. అత్తయ్య ఆయన్ని కూడా కాల్‌లో కలిపేశారు. రోజూ మధ్యాహ్నం అక్కడ ఆయన, అవతల కుట్టు టీచరు, ఇక్కడ ఈవిడ. పోలీసు వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి తిడతారు.

లారీ డ్రైవరు కాల్ అయ్యాక హెడ్‌సెట్ తీసి తలుపు తెరిచాను. ముందుగదిలో అత్తయ్య చదువుతూనే ఉన్నారు, పైన మీ అన్నయ్య ఫోటోలు పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళి మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాను. దుప్పటి పూర్తిగా నలిగి ఉంది.

వదిన